పడవవాడి గొంతు

మార్చి 3, సోమవారం

డాక్టరు మందుల చీటీ వెనక గొంతు బొమ్మ గీసి చూపించాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలట. ఊపిరి ఆడటానికి మెడ కింద చిన్న దారి పెడతారట. తినొచ్చు, తాగొచ్చు, నడవొచ్చు. మాట ఒక్కటే ఉండదు. శుక్రవారం పొద్దున ఆపరేషన్.

మా ఆయన ఆ చీటీని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "బాగా గీశారు" అన్నారు. ఎనిమిది నెలలుగా బొంగురుపోయి ఉన్న గొంతుతోనే అన్నారు. డాక్టరుకి నవ్వాలో మానాలో తెలియలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సినిమాలకి డబ్బింగ్ చెబుతున్న మనిషికి ఈ సంగతి చెప్పాల్సి వచ్చినందుకు పాపం అతనే గ్లాసెడు నీళ్ళు తాగాడు.

దారిలో నేను ఏడవలేదు. ఏడవలేదని ఇక్కడ రాసుకుంటున్నాను. ఈ నోటుబుక్కు దుకాణంలో కళ్ళజోళ్ళ కొలతలు రాసుకోవడానికి తెచ్చుకున్నది. మొదటి నాలుగు పేజీల్లో ఎవరెవరి కళ్ళ మధ్య ఎంత దూరమో ఉంది. ఐదో పేజీ నుంచి నాది.

మార్చి 4

పనికి వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే ఆయన నన్ను ఓదారుస్తారు, అది నావల్ల కాదు.

ఒక పెద్దాయన కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని వీధిలోకి చూసి, "అన్నీ దూరం జరిగాయమ్మా" అన్నాడు. రెండు రోజుల్లో అలవాటైపోతుందండీ అన్నాను. రోజూ పదిమందికి చెప్పే మాటే. ఈ రోజు చెబుతుంటే నాకే నమ్మకం కలగలేదు.

ఇంటికొచ్చి ఖాళీ అల్మరా ముందు నిలబడ్డాను. పోయినేడాది దాకా అందులో రెండు వందల పన్నెండు డిస్కులుండేవి. తను గొంతిచ్చిన ప్రతి సినిమా ఆయన కొనేవారు. "తలుపు తీయండి" అన్న ఒక్క ముక్క చెప్పిన సినిమా కూడా. ప్రతి డిస్కు మీదా తన గొంతు ఎన్ని నిమిషాలు ఉందో నల్ల పెన్నుతో రాసేవారు. వారం వారం ఆ దుమ్ము దులిపింది నేను. సగం గీతలుపడి ఎక్కడో ఒక చోట ఆగిపోయేవి. హీరో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతే మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఇప్పుడు సినిమాలు టీవీలోనే కొనుక్కోవచ్చు కదా. "కొనండి" అని ఉంటుంది, నొక్కితే మనదే. అద్దె కాదు, కొనడం. "ఎప్పటికీ మీ దగ్గరే" అని కింద రాసుంది కూడా. గీతలు పడవు, దుమ్ము పట్టదు. దొరికినవన్నీ ఒక్కొక్కటే వెతికి మళ్ళీ కొన్నాను. అన్నిటికంటే ముందు పడవ సినిమా కొన్నాను. ఆ తర్వాతే డిస్కులన్నీ సంచుల్లో వేసి, ప్లేయరుతో సహా, వీధి చివర పాత సామాన్లాయనకి ఇచ్చేశాం. అది నా నిర్ణయమే. గది ఎంత విశాలమైందో వచ్చిన వాళ్ళంతా అన్నారు.

ఆ రోజు ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. "పడవ సినిమా డిస్కు మాత్రం ఉంచవోయ్." ఉంచాను అన్నాను.

ఇప్పుడు ఆ విషయం ఎందుకు? టీవీలో ఉందిగా.

మార్చి 5

ఫోన్లో నాలుగు మాటలు చెప్పి ఉంచండని బతిమాలాను. ఏమైనా పరవాలేదు, కూరగాయల జాబితా చదవండి చాలు అన్నాను. ఆయన వినలేదు.

"ఇది నా గొంతు కాదోయ్, జబ్బు గొంతు. దీన్ని దాచుకుని ఏం చేస్తావు? పడవవాడున్నాడుగా."

ఆయన చెప్పింది నిజమే, అదే నా బాధ. ఆయన సొంత గొంతు ఇంకెక్కడా లేదు. దొంగలు, రాజులు, తాతలు, మాట్లాడే కుక్క, ఒక సినిమాలో గాలి. అందరికీ ఆయనే. ఇంట్లో తీసిన వీడియోల్లో ఉంటుందా అంటే, కెమెరా కనిపిస్తే చాలు మనిషి మారిపోతారు. అమ్మాయి పుట్టినరోజు వీడియోల్లో ఎలుగుబంటి. అమ్మాయి పెళ్ళి వీడియోలో ముసలి రాజు గొంతుతో దీవించారు. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడే చెవి మెలేసి, మీలాగా మాట్లాడండి అనాల్సింది.

పడవ సినిమా ఒక్కటే వేరు. అందులో పొగమంచులో నది దాటించే పడవవాడు ఉంటాడు. ఆ పాత్రకి ఆయన నాలుగు రకాల గొంతులు పెట్టి చూశారట. ఏదీ కుదరక సౌండ్ ఇంజనీరు విసిగిపోయి, "ఇంట్లో మీ ఆవిడతో ఎలా మాట్లాడతారో అలా కానిచ్చెయ్యండి" అన్నాడట. అలాగే కానిచ్చారు. పదకొండు నిమిషాలు. "జాగ్రత్తగా కూర్చోండి, నీళ్ళు ఇంకాసేపట్లో నెమ్మదిస్తాయి" అంటాడు పడవవాడు. నేను మొదటిసారి చూసినప్పుడు, హాల్లో చీకట్లో, పక్క సీటు వైపు తిరిగి "ఆఁ?" అన్నాను. నన్నే పిలిచారనుకున్నాను.

మార్చి 7, శుక్రవారం

తీసుకెళ్ళే ముందు నా వైపు తిరిగి ఏదో అన్నారు. చక్రాల మంచం చప్పుడులో వినపడలేదు. మళ్ళీ అడిగేలోపు తలుపు మూసేశారు.

ఆపరేషన్ బాగా జరిగిందట. బాగా అంటే మొత్తం తీసేశారని.

మార్చి 9

ఈ రోజు పలక ఇచ్చారు, రాసి చెరిపేసుకునేది. మొదట అదే అడిగాను, శుక్రవారం లోపలికెళుతూ ఏమన్నారని. "నా కళ్ళజోడు కుర్చీ మీద మర్చిపోకు అన్నాను" అని రాశారు.

ఆఖరి మాట కళ్ళజోడు గురించి. పైగా కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే పెళ్ళాంతో. నవ్వు ఆగలేదు నాకు, నర్సు వచ్చి చూసి వెళ్ళింది. ఆయన కూడా నవ్వారు. చప్పుడు రాలేదు, మెడ దగ్గర గాలి మాత్రం బుసబుసమంది.

కొన్నాళ్ళయ్యాక మెడకి ఆనించి మాట్లాడే మిషను ఇస్తామని డాక్టరు చెప్పాడు. "మరమనిషి పాత్రలు చాలా చేశాను. రిటైరయ్యాను" అని రాసి చూపించారు.

మార్చి 10

పలక మీద: "ఇంటికెళ్ళగానే పడవ సినిమా."

సరే అన్నాను. ఎందుకైనా మంచిది, రేపు ఒకసారి పెట్టి చూసుకోవాలి.

మార్చి 11

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి స్నానం చేసి, కర్టెన్లు వేసి, ఆయన కుర్చీలో కూర్చుని సినిమా పెట్టాను. బయట ఎండ, గదిలో సగం వెలుతురు. తెర మీద పొగమంచు. ముందు నీళ్ళ చప్పుడు వస్తుంది, తర్వాత పడవ ముక్కు కనిపిస్తుంది, ఆ తర్వాత అతని చెయ్యి. నాకు వరసంతా తెలుసు. నాలుగు రోజుల తర్వాత ఆయన గొంతు వినబోతున్నానని ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను.

పడవవాడు నోరు తెరిచాడు. ఎవరో కుర్రాడి గొంతు.

మొదట నాకే ఏదో అయిందనుకున్నాను. వెనక్కి తిప్పాను. మళ్ళీ అదే. నున్నగా, తీయగా, ఎక్కడా గరుకు లేని గొంతు. బాగుంది కూడా. బాగున్నందుకు ఒళ్ళు మండింది. ఏడుసార్లు తిప్పి చూశాను. ఏడుసార్లూ ఆ కుర్రాడే జాగ్రత్తగా కూర్చోమన్నాడు.

వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మార్చి 12

సినిమా కొన్న కంపెనీ వాళ్ళ సహాయ కేంద్రంతో ఫోన్లో గంటన్నర చాటింగ్. అవతల మనిషో మిషనో తెలియదు. "అభినందనలు, మీ సినిమాకి కొత్త శబ్దం, కొత్త గొంతులు ఉచితంగా చేర్చాం" అన్నారు. పాతది కావాలన్నాను. పాతది ఇక లేదన్నారు. నేను కొన్నది పాతదే కదా అన్నాను. మీరు కొన్నది ఆ సినిమాని చూసే హక్కు అన్నారు, ఆ హక్కు భద్రంగా ఉందన్నారు. ఆఖరున, ఈ సంభాషణకి ఎన్ని నక్షత్రాలిస్తారు అని అడిగారు. ఒకటిచ్చాను. అంతకంటే తక్కువకి వీల్లేదట.

స్టూడియోకి ఫోన్ చేశాను. ఆ ఇంజనీరు పోయి మూడేళ్ళయింది. పాత టేపుల గదిలో పైపు పగిలి అన్నీ తడిసిపోతే పారేశారట. ఆ డిస్కు ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. ఎక్కడ వెతికినా లేదు, లేదు, లేదు.

సాయంత్రం ఆస్పత్రిలో ఆయన పెదవుల మీద నీళ్ళు రాస్తుంటే నా మొహం చూసి, ఏమైందని కళ్ళతోనే అడిగారు. దుకాణంలో లెన్సు పగిలిందని చెప్పాను.

మార్చి 13

"ప్లేయరు ఎవరినైనా అడిగి తెచ్చి, డిస్కే పెట్టుకుందాం. ఉంచావుగా?" అని రాశారు.

ఉంచాను అన్నాను.

మార్చి 15

ఉంచలేదు. ఇక్కడైనా రాసుకోవాలి కదా. ఆ రోజు డిస్కు నా చేతిలో ఉంది. ఒక్కటి మిగిలితే దాని కోసం ప్లేయరు ఉంచాలి, ప్లేయరు కోసం బల్ల ఉంచాలి, అంత పనీ చేసి గది ఖాళీ కాకపోతే ఎందుకు అనిపించింది. టీవీలో కొన్నాను కదా, రెండూ ఒకటేగా అనిపించింది. సంచిలో వేశాను. ఆయన వెనక్కి తిరిగి ఉన్నారు. "ఉంచాను" అన్నాను, ఇంతే ధైర్యంగా.

పాత సామాన్లాయన దగ్గరికి వెళ్ళాను. మాటల పోగు ఆ మనిషి. ఈ రోజుల్లో సినిమా చూడటానికి డిస్కులు కొనేవాళ్ళెవరమ్మా అని మొదలుపెట్టి, తన మోకాలి నొప్పి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. అసలు సంగతి చివర్లో చెప్పాడు. బాల్కనీల్లో వేలాడదీయడానికి ఆడవాళ్ళు కొంటున్నారట. తళతళలకి పావురాలు బెదిరి వాలవట. మా సంచులు రెండూ ఒకావిడే తీసుకుంది, నీలం గేటున్న మేడ, ఏడో అంతస్తు.

"పావురాలకి బాగా పనిచేస్తాయమ్మా, మీకూ కావాలా?" అన్నాడు.

మార్చి 16

తెల్లవారుజామున కల. ఆయన పడవ నడుపుతున్నారు, నేను వెనక కూర్చున్నాను. నీళ్ళ నిండా డిస్కులు తేలుతుంటే తెడ్డుతో పక్కకి నెడుతున్నారు. ఏదో చెబుతున్నారు. నాకు వినపడుతోంది, జవాబు కూడా చెబుతున్నాను. మధ్యలో నా చెయ్యి నీళ్ళలో పెడితే వెచ్చగా ఉన్నాయి.

లేచాక ఆయన ఏమన్నారో గుర్తుంది. ఏ గొంతుతో అన్నారో గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళు విన్న గొంతుని పది రోజుల్లో మర్చిపోతానా? లేదు, మర్చిపోలేదు. నిద్రమత్తు.

మార్చి 18

నీలం గేటు దూరం నుంచే తెలిసింది. ఏడో అంతస్తు బాల్కనీ ఎండలో మెరిసిపోతోంది. రోడ్డు మీద, కార్ల మీద, నా చేతుల మీద రంగురంగుల వెలుగు చుక్కలు పరుగెడుతున్నాయి. ఎందుకొచ్చానో మర్చిపోయి కాసేపు అలాగే నిలబడ్డాను. అందంగా ఉంది. మేం పారేసుకున్నది ఇంత అందంగా ఉందేమిటని కోపం కూడా వచ్చింది.

ఆ పావురాలావిడ మంచి మనిషి. ఒక డిస్కు పొరపాటున ఇచ్చేశానంటే, వెతుక్కోండమ్మా అని స్టూలు వేసి, పడిపోకుండా నా నడుం పట్టుకుంది. నలభై పైనే ఉన్నాయి, నీలం దారాలకి; మిగతావి మేడలో వాళ్ళకి పంచిందట. గాలికి తిరుగుతున్నాయి, ఒకటి పట్టుకుంటే ఇంకొకటి మొహానికి తగులుతోంది. పేర్లన్నీ ఎండకి వెలిసిపోయాయి. పెన్నుతో రాసిన అంకెలు మాత్రం ఉన్నాయి. నాలుగు. రెండు. అరనిమిషం. ఇరవై. ముప్ఫై ఏళ్ళ పని గాల్లో గిరగిరా తిరుగుతోంది. ఒక పావురం రెయిలింగు మీద కూర్చుని, ఏ బెదురూ లేకుండా మమ్మల్నే చూస్తోంది.

చివరి వరసలో పదకొండు.

అంచున మేకుతో బెజ్జం పొడిచి దారం కట్టింది. కత్తిరించి ఇస్తూ, "ఏం సినిమా అమ్మా అంత మంచిది?" అని అడిగింది. మా ఆయన నటించారని చెప్పాను. ఎందుకలా చెప్పానో.

మార్చి 19

దుకాణం ఓనరు స్టోరు గదిలో పాత ప్లేయరు ఉంది, అడిగి తీసుకున్నాను. అందరూ భోజనానికి వెళ్ళాక డిస్కుని లెన్సులు మెరుగుపెట్టే చక్రం మీద పెట్టాను. గీతలు తీయడం నా పని, ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను. ఊపిరి బిగబట్టి, అడుగు వైపు అద్దంలా మెరిసేదాకా రుద్దాను. కానీ పోయింది పై పూత. ఎండకి పొక్కి, బెజ్జం చుట్టూ పెచ్చులు లేచింది. దీపానికి పట్టి చూస్తే అవతల గోడ కనిపిస్తోంది.

ప్లేయరు రెండుసార్లు గరగరమని, డిస్కుని నాలుకలా బయటపెట్టింది. తొమ్మిదిసార్లు లోపలికి తోశాను.

మార్చి 20

ఆయన ఇంటికొచ్చారు. గుమ్మంలో నిలబడి గదంతా చూశారు. కుర్చీలో కూర్చుని మొదట రిమోట్ తీశారు.

బ్యాటరీలు అయిపోయాయి అన్నాను. రెండు బ్యాటరీలూ నా చేతిసంచిలో ఉన్నాయి.

మార్చి 21

బ్యాటరీలు తేవడం మర్చిపోయాను అన్నాను.

మార్చి 22

దుకాణంలో ఆ సైజువి లేవన్నాను. ఆయన పలక ఒళ్ళో పెట్టుకుని నన్ను చూస్తూ కూర్చున్నారు.

మార్చి 23, ఆదివారం

అమ్మాయి ఫోన్ చేసింది. వేరే ఊళ్ళో ఉంటుంది, ఆదివారం ఆదివారం చేస్తుంది. ఆపరేషనప్పుడు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళింది కానీ, ఆ తర్వాత ఫోన్లో తండ్రితో మాట్లాడటం ఇదే మొదలు. స్పీకర్ పెట్టాను. "నాన్నా, బాగున్నారా?" అంది. తర్వాత ముగ్గురం గమ్మున ఉండిపోయాం. ఆయన పెదవులు కదిలాయి, పలక మీద రాసేదాకా ఆగలేక నేనే చెప్పేశాను: "బాగున్నానమ్మా, మీ అమ్మ పెట్టే సూపు తప్ప అన్నీ బాగున్నాయి."

అవతల అమ్మాయి పకపకా నవ్వింది. ఆ తర్వాత పావుగంట సేపు ఆయన పెదవులాడించారు, నేను చెప్పాను. ముప్ఫై ఏళ్ళు కలిసి ఉన్నాక పెదవులు చదవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. సగం మాటలు ముందే తెలుస్తాయి.

ఫోన్ పెట్టేశాక పలక లాక్కుని రాశారు: "నా నోరు మూసుకున్నాక కూడా నువ్వు మాట్లాడుతున్నావు. ఇంత ఘోరమైన డబ్బింగ్ నా జీవితంలో చూడలేదు."

మార్చి 24

పొద్దున్నే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. పాఠం. చెయ్యెత్తితే మొదలు. అరచేత్తో బల్ల చరిస్తే తప్పు, మళ్ళీ మొదటి నుంచి. రీటేకుకి ఆయన గుర్తు అది. "పాలు విరిగాయి" అన్న వాక్యానికి పధ్నాలుగు రీటేకులు. పనికి ఆలస్యమైంది.

మార్చి 25

ఆయన మాట తీరు నాకు ఇప్పుడు తెలుస్తోంది. వాక్యం అంతా గబగబా చెప్పి, ఆఖరి మాట ముందు చిన్నగా ఆగుతారు. ఎదుటివాళ్ళు ఆ మాట కోసం చూసేదాకా ఆగి, అప్పుడు వదులుతారు. ముప్ఫై ఏళ్ళు నా చెవిలో మోగింది, నేనెప్పుడూ పట్టించుకోలేదు. దుకాణంలో ఒకావిడకి ఫ్రేము సరిచేస్తూ, "ఇది మీ ముక్కుకి కొంచెం... వదులు" అన్నాను. ఆమె ఎందుకో నవ్వింది.

మార్చి 26

తొమ్మిది రీటేకులు.

మార్చి 27

రెండు. మెచ్చుకోలుగా ఏమీ రాయలేదు కానీ రెండోసారి సూపు అడిగి తాగారు.

సాయంత్రం పలక మీద: "డిస్కు ఎక్కడ?" అటక మీద ఉంది, రేపు తీస్తాను అన్నాను. మన ఇంటికి అటక లేదు అని రాశారు.

మార్చి 28

ఆయన నాకు పాఠం చెప్పలేదు. కిటికీ దగ్గర కూర్చున్నారు. చెప్పేస్తే ఇంక ఇంట్లో ఏదీ మిగలదనిపిస్తోంది. చెప్పకపోతే ఏదో ఎక్కడో ఇంకా ఉన్నట్టే కదా.

మార్చి 29, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా ఆయనే నా సంచిలోంచి బ్యాటరీలు తీసుకుని సినిమా పెట్టారు. నీళ్ళ చప్పుడు వినపడింది. చేతిలో గిన్నె పట్టుకుని ఎక్కడిదాన్ని అక్కడే ఉండిపోయాను. ఆ కుర్రాడి గొంతు వినపడింది. వెళ్ళి చూస్తే ఆయన ముందుకు వంగి, కళ్ళు మూసుకుని వింటున్నారు. పడవ సగం నది దాటేదాకా విని, ఆపి, రాశారు: "బాగా చెప్పాడు. ఊపిరి ఎక్కువ తీస్తున్నాడు. ఇప్పుడు డిస్కు తే."

తెచ్చి ఒళ్ళో పెట్టాను. బెజ్జంలో ఇంకా దారం ముక్క ఉంది. నిలబడే చెప్పేశాను. ఆ రోజు సంచిలో వేసింది నేనేనని, ఆయన వెనక్కి తిరిగి ఉన్నప్పుడు వేశానని, పావురాలని, చక్రం మీద మెరుగు పెట్టానని, ప్లేయరు తొమ్మిదిసార్లు బయటికి నెట్టిందని. స్టూడియోలో కూడా లేదని. ఇంక ఎక్కడా లేదని.

ఆయన డిస్కుని ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూశారు. మెల్లిగా బల్ల మీద పెట్టారు. పలక తీసుకుంటారనుకున్నాను. తీసుకోలేదు. కుర్చీ నా వైపు జరుపుకుని, ఎదురుగా కూర్చోమని సైగ చేసి, చెయ్యెత్తారు.

పెదవులు కదిలాయి. ప్రతి మాటా తెలిసింది నాకు.

"పోనీలేవోయ్, కావాలని చేశావా" అన్నాను పైకి.

బల్ల చరిచారు.

మళ్ళీ అవే పెదవులు, అవే మాటలు. "చేసిందేదో చేశావు, ఇప్పుడేం..." అంటుండగానే మళ్ళీ చరిచారు. డిస్కు ఎగిరిపడింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి ఆయనకి. నేను చెప్పలేనండీ, మీరే రాసివ్వండి, చదువుతాను అన్నాను. తల అడ్డంగా ఊపి, మూడోసారి చెయ్యెత్తారు. ఒక్కొక్క మాటా విడదీసి, నిదానంగా, ఎలాంటి నటుడికైనా గొంతు కలపడానికి వీలుగా.

చెప్పాను. ఆయన పెదవులు చూస్తూ, గొంతు కిందికి దించి, ఆయన ఆగే చోట ఆగుతూ చెప్పాను.

"ఒక్కటి ఉంచమన్నాను. ఉంచానన్నావు. ఊళ్ళోవాళ్ళందరికీ ఏ గొంతు కావాలంటే ఆ గొంతిచ్చాను. నా గొంతుతో మాట్లాడింది నీ ఒక్కదానితోనే. అది నాది కాదు, నీది. నీ వస్తువుని నువ్వే తీసుకెళ్ళి పావురాలకి... కట్టావు."

చరవలేదు. పెదవులు ఆగలేదు, నేనూ ఆగలేదు.

"ఆస్పత్రిలో రోజూ నా మొహం చూసి అబద్ధం చెప్పావు. నా గొంతు పోయింది కానీ కళ్ళు పోలేదు. బ్యాటరీలు దాచుకుంటావా? మన ఇంటికి అటక ఉందా? ఒక్కదానివే మేడలెక్కి దిగావు, ఒక్కదానివే ఏడ్చావు, ఇంట్లో మొగుడనేవాడు ఒకడున్నాడని నీకు... అనిపించలేదా? చెప్పు. ఏం చేద్దామనుకున్నావు, జీవితాంతం నాకు... లెన్సులు పగిలాయని చెబుదామనా?"

ఎక్కడినుంచి వచ్చిందో అంత గొంతు నాకు. గోడలు మోగిపోయాయి. ఆయన చేతులు గాల్లోకి లేపి ఇంకా, ఇంకా అంటున్నారు, నేను ఏడుస్తూ నన్ను తిడుతున్నాను. ఒక్క మాట కూడా ఆయన పెదవుల కంటే ముందుకీ పోలేదు, వెనకా పడలేదు.

తలుపు చప్పుడైంది. ఆయన చేతులు దించారు. వెళ్ళి తీస్తే పక్కింటావిడ, ఆరేళ్ళలో ఎప్పుడూ మా తలుపు కొట్టని మనిషి. లోపలికి చూడాలో వద్దో తెలియక నా భుజం మీదుగా గోడనే చూస్తూ, "అంతా బాగానే ఉందా అండీ? ఎవరో మిమ్మల్ని బాగా కోప్పడుతుంటేనూ..." అంది.

మొహం తుడుచుకుని, "మా ఆయనేనండీ" అన్నాను.